సైకిల్ విమానమెక్కింది!

విమానం పుట్టింది ఓ సైకిల్ కొట్లో. మాటవరసకి అంటున్నది కాదు. అమెరికాలోని డేటన్ అనే ఊళ్లో సైకిళ్లు అమ్ముతూ, బాగుచేస్తూ, సొంతంగా తయారుచేస్తూ బతికిన అన్నదమ్ములు విల్బర్ రైట్, ఆర్విల్ రైట్. రెక్క ఏ వంపులో ఉంటే గాలి దాన్ని ఎంత బలంగా లేపుతుందో తెలుసుకోవడానికి వాళ్లు సైకిల్ హ్యాండిల్ మీద మూడో చక్రాన్ని పడుకోబెట్టి బిగించారు. దానికి రేకు ముక్కలు తగిలించి వీధుల్లో జోరుగా తొక్కారు. 1903 డిసెంబరు 17న ఎగిరిన తొలి విమానంలో ఇంజిను శక్తిని పంకాలకు చేరవేసింది కూడా సైకిళ్లకు వాడే తరహా చైన్లూ పళ్లచక్రాలే.

ఇంతవరకూ చాలామంది చదువుకున్నదే. తర్వాతి ముచ్చట అంతగా ప్రచారంలో లేదు. 1907లో ఆ అన్నదమ్ములు ఓ విమానాన్ని ముక్కలుగా విప్పి, చెక్కపెట్టెల్లో సర్ది, ఓడ మీద ఫ్రాన్స్‌కి పంపారు. అది ల హావ్ర్ రేవులో నెలల తరబడి పడి ఉంది. 1908 జూన్‌లో ల మాన్ పట్టణంలో మూత తీసిన విల్బర్‌కి గుండె గుభేలుమంది. లోపల రెక్కల బద్దలు విరిగిపోయి ఉన్నాయి. గుడ్డ చిరిగింది. రేడియేటర్లు నుజ్జయ్యాయి. ఇదంతా సరిగ్గా సర్దని తమ్ముడి నిర్వాకమేననుకుని ఆర్విల్ మీద మండిపడుతూ ఉత్తరం రాశాడు. తీరా తేలిందేమిటంటే... తనిఖీ కోసం పెట్టెలు విప్పి, తిరిగి అడ్డదిడ్డంగా కుక్కింది రేవులోని కస్టమ్స్ సిబ్బంది! పాడైనవన్నీ బాగుచేసుకుని గాల్లోకి లేచేసరికి ఆగస్టు 8 వచ్చింది.

వందేళ్లు దాటాయి. ఇప్పుడు అదే ఫ్రాన్స్‌కి మన తెలుగువాళ్లు కొందరు అట్టపెట్టెలు మోసుకెళ్తున్నారు. అప్పుడు పెట్టెలో విమానం ఉంటే, ఇప్పుడు విమానంలో పెట్టె. అందులో సైకిల్. భయం మాత్రం విల్బర్ పడ్డదే. మూత తీసేసరికి లోపల ఏం మిగిలి ఉంటుందో?

నాలుగేళ్లకోసారి...

ఇంతకీ సైకిల్‌ని ఫ్రాన్స్‌దాకా తీసుకెళ్లడం ఎందుకు? ‘ప్యారిస్-బ్రెస్ట్-ప్యారిస్’ కోసం. సైక్లిస్టులు ముద్దుగా పీబీపీ అంటారు. ప్యారిస్ పక్క నుంచి బయల్దేరి, పడమటి కొసన అట్లాంటిక్ ఒడ్డునున్న బ్రెస్ట్ రేవుదాకా వెళ్లి మళ్లీ వెనక్కి రావాలి. సుమారు 1200 కిలోమీటర్లు. అంటే హైదరాబాద్ నుంచి విశాఖకి సైకిల్ మీద వెళ్లి, సముద్రానికో దండం పెట్టి, అటునుంచి అటే వెనక్కి రావడమన్నమాట. గడువు ఎక్కువలో ఎక్కువ 90 గంటలు. తిండీ నిద్రా స్నానం, పంచరైతే వేసుకోవడం... అన్నీ అందులోనే. పోనీ చదునైన దారా అంటే అదీ కాదు. బ్రిటనీ ప్రాంతంలో రోడ్డు అలలాగా లేస్తూ పడుతూ ఉంటుంది. ఎక్కిన మిట్టలన్నీ కూడితే 11 వేల మీటర్లు దాటుతుంది. సముద్రమట్టం నుంచి ఎవరెస్టు శిఖరం ఎక్కి, ఆపైన మరో రెండువేల మీటర్లు!

దీన్ని మొదలుపెట్టింది మా వృత్తివాళ్లే. 1891లో ‘ల పెటి జూర్నల్’ పత్రికకు చెందిన పియెర్ జిఫార్‌కి వచ్చిన ఆలోచన ఇది. సైకిల్ ఎంత దూరమైనా పోగలదని నిరూపించడం ఒక ఎత్తు. పత్రిక ప్రతులు అమ్ముకోవడం ఇంకో ఎత్తు. అప్పట్లో నిబంధనలు కఠినం. బయల్దేరిన సైకిల్‌తోనే తిరిగి రావాలి. మధ్యలో మార్చేయకుండా సైకిళ్లకు సీళ్లు వేసేవారు. అప్పుడే కొత్తగా వచ్చిన గాలి టైర్లతో షార్ల్ టెరాన్ అనే ఆయన 71 గంటల 22 నిమిషాల్లో పూర్తిచేసి గెలిచాడు. తనకంటే ముందున్న ప్రత్యర్థి దారిలో కునుకు తీస్తుంటే చడీచప్పుడు లేకుండా దాటేశాడట. ఆ పందెం జ్ఞాపకంగా 1910లో ఓ ఫ్రెంచి మిఠాయి తయారీదారు సైకిల్ చక్రం ఆకారంలో ఓ కేకు చేశాడు. ‘ప్యారిస్-బ్రెస్ట్’ పేరుతో ఇప్పటికీ అక్కడి బేకరీల్లో అమ్ముతారు.

వృత్తి సైక్లిస్టుల పందెం 1951తోనే ఆగిపోయింది. ఇప్పుడు నడుస్తున్నది మామూలు జనం కోసం. నిర్వహించేది ఆడాక్స్ క్లబ్ ప్యారిజియన్. ఇందులో మొదటి బహుమతి లేదు, రెండో బహుమతీ లేదు. గడువులోగా వచ్చినవాళ్లంతా సమానమే. 2015, 2019, 2023... ఇలా నాలుగేళ్లకోసారి ఆగస్టులో జరుగుతుంది. వచ్చేది 2027లో.

డబ్బుంది కదాని టికెట్టు కొనుక్కుని పోతే కుదరదు. ఆ ఏడాదే 200, 300, 400, 600 కిలోమీటర్ల రైడ్‌లు నాలుగూ గడువులోగా పూర్తిచేసి ఉండాలి. 200కి పదమూడున్నర గంటలు, 300కి 20, 400కి 27, 600కి 40 గంటలు. మన దగ్గర వీటిని నిర్వహించే క్లబ్బులున్నాయి. శనివారం తెల్లవారుజామున విజయవాడ రోడ్డులోనో బెంగళూరు రోడ్డులోనో మెరిసే పట్టీల కోటు వేసుకుని, ముందొక లైటూ వెనకొక లైటుతో సైకిల్ తొక్కుతూ ఎవరైనా కనిపిస్తే... పిచ్చివాడనుకోకండి. ఫ్రాన్స్‌కి తయారవుతున్నాడేమో!

ఎరువు చెప్పులతో కొండెక్కలేం

‘అంత కష్టం దేనికి, అక్కడే ఓ సైకిల్ అద్దెకు తీసుకోవచ్చుగా?’ అని ఎవరికైనా అనిపిస్తుంది. దొరుకుతాయి. నాలుగు రోజులు ఊరు చూడటానికైతే అదే మేలు కూడా. కానీ ఎరువు చెప్పులు తొడుక్కుని ఏడుకొండలు కాలినడకన ఎక్కుతామా? ఇదీ అంతే. 1200 కిలోమీటర్లు తొక్కే మనిషికి సైకిల్ ఒంట్లో ఓ అవయవం లాంటిది. సీటు ఎంత ఎత్తులో ఉండాలి, హ్యాండిల్ ఎంత దూరంలో ఉండాలి అన్నది మిల్లీమీటర్ల లెక్క. తోలు సీటైతే నెలల తరబడి తొక్కితే గానీ ఒంటికి తగ్గట్టు ఒదగదు. గంటకి నాలుగైదు వేలసార్లు మోకాలు మడిచి చాపే చోట అయిదారు మిల్లీమీటర్ల తేడా కూడా పగబడుతుంది. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్లీ అవసరం పడుతుంది.

సెల్లార్లో శస్త్రచికిత్స

మా అపార్టుమెంటులో ఓ సాఫ్ట్‌వేర్ ఇంజినీరున్నాడు. నలభై దాటాయి. 2023లో పీబీపీకి అర్హత సాధించాడు. ప్రయాణానికి రెండు రోజుల ముందు సెల్లార్‌లో పాత దుప్పటి పరుచుకుని సైకిల్ విప్పుతుంటే మేమంతా చుట్టూ చేరాం. సైకిల్ ప్యాకింగ్ ఇంత కథ ఉంటుందని అప్పుడే తెలిసింది.

అట్టపెట్టె ఊరికే వచ్చింది. కొత్త సైకిళ్లు కంపెనీ నుంచి ఆ పెట్టెల్లోనే వస్తాయి కాబట్టి పెద్ద షాపుల్లో అడిగితే ఇస్తారు. సూట్‌కేసులా గట్టిగా ఉండే ఖరీదైన పెట్టెలూ ఉన్నాయి గానీ వాటి బరువే పది కిలోలు దాటుతుంది. పైగా అక్కడ దిగాక ఆ పెట్టెని ఎక్కడ దాచాలన్నది మరో తలనొప్పి. అట్టపెట్టె చిరిగితే ఇంకోటి దొరుకుతుంది.

మొదట పెడళ్లు. కుడివైపుది మామూలుగానే ఊడింది. ఎడమవైపు దగ్గర మా వాచ్‌మన్ యాదగిరి ఉత్సాహంగా పానా పట్టుకుని బలమంతా ఉపయోగించాడు. రాదే! ‘‘అటు కాదు యాదగిరీ, ఇటు’’ అన్నాడు ఇంజినీరు. ఎడమ పెడల్ మరలు తిరగేసి ఉంటాయి. గడియారం ముల్లు తిరిగే దిక్కుకి తిప్పితేనే ఊడుతుంది. తొక్కేకొద్దీ దానంతటదే వదులై రాలిపోకుండా ఈ ఏర్పాటు. ఎప్పటికీ ఊడిరాని పెడల్ అంటూ 1900లోనే ఇలాంటివి అమ్మకానికి పెట్టిన కొట్టు ఒకటుంది. ఎవరిదనుకున్నారు? రైట్ సోదరులదే!

తర్వాత చక్రాలు. ఇప్పటి సైకిళ్లలో చాలావాటికి చక్రాన్ని పట్టి ఉంచేది ‘త్రూ యాక్సిల్’ అనే ఒక్క కడ్డీ. అటునుంచి ఇటు దూర్చి బిగిస్తే చాలు. చక్రం తీసేశాక ఫోర్కు రెండు కాళ్ల మధ్యా ఖాళీ మిగులుతుంది. పైన ఇంకో పెట్టె పడితే ఆ కాళ్లు దగ్గరికి వంగిపోతాయి. అందుకని మధ్యలో ఓ ప్లాస్టిక్ ముక్క బిగించాడు. డిస్క్ బ్రేకు ప్యాడ్ల మధ్య కూడా అలాంటి ముక్కే. అది పెట్టకుండా పొరపాటున బ్రేకు నొక్కితే ప్యాడ్లు అతుక్కున్నట్టే దగ్గరికొచ్చేస్తాయి. మళ్లీ విడదీయడం గగనం.

అసలు ప్రాణమంతా ఉండేది వెనకవైపు బొటనవేలంత అల్యూమినియం బిళ్లలో. పేరు హ్యాంగర్. గేరు మార్చే డిరైలర్‌ని ఫ్రేముకి తగిలించేది ఇదే. దెబ్బ తగిలినప్పుడు ఫ్రేము విరక్కుండా తాను వంగిపోవడమే దాని ఉద్యోగం. వంగిందంటే గేర్లు పడవు. ఇందులో ఇంకో తిరకాసుంది. ఒక్కో మోడల్‌కి ఒక్కో ఆకారం. పల్లెటూరి షాపులో మన సైకిల్‌కి సరిపోయేది దొరకడం లాటరీ తగలడమే. అందుకే డిరైలర్‌ని విప్పి, బుడగల ప్లాస్టిక్‌లో చుట్టి, ఫ్రేము లోపలి వైపుకి కట్టేశాడు. ఓ కొత్త హ్యాంగర్‌ని పర్సులో పెట్టుకున్నాడు, పాస్‌పోర్టు పక్కన.

ఫ్రేముకి చుట్టడానికి తెచ్చిన నల్లటి ఫోమ్ గొట్టాలు ఎక్కడివో తెలుసా? ఏసీ రాగి పైపులకు తొడిగేవి. ఏసీ సామాన్లమ్మే కొట్లో మీటర్ల లెక్కన ఇస్తారు. సీటు గొట్టాన్ని బయటికి లాగే ముందు ఎంతవరకూ దిగి ఉందో గుర్తుకోసం ఓ రంగు టేపు చుట్టాడు. మెట్ల మీద కూర్చుని ఇదంతా చూస్తున్న వాళ్లమ్మగారు ఆగలేక అనేశారు. ‘‘నీ చెల్లెలి పెళ్లిలో కూడా ఇంత ముస్తాబు చెయ్యలేదు గదరా!’’

యాదగిరి అడిగిన ప్రశ్న మాత్రం మా అందరి మనసులోనూ ఉంది. ‘‘ఇదంత మళ్ల ఎట్ల బిగిస్తరు సార్?’’

రెండున్నర గంటల తర్వాత పెట్టె మూత పడింది. నిజానికి ఈ పని చేసిపెట్టే షాపులున్నాయి. అయినా సొంతంగా చేసుకోవడమే మంచిదంటాడు ఇతను. విప్పినవాడికే బిగించడం వస్తుంది. దిగే చోట ఆ షాపువాడు ఉండడు కదా.

టైరు పేలుతుందా?

ఇక విమానం రూలు పుస్తకం. మామూలు సామానుకి పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి 158 సెంటీమీటర్లు దాటకూడదన్నది చాలా సంస్థల లెక్క. సైకిల్ పెట్టె సుమారు 140 పొడవు, 80 ఎత్తు, 20 వెడల్పు. అంటే 240! కాబట్టి దాన్ని క్రీడాసామగ్రి కింద ముందే నమోదు చేయించుకోవాలి. కొన్ని సంస్థలు మన బరువు కోటాలోనే కలిపేస్తాయి. కొన్ని విడిగా రుసుము తీసుకుంటాయి. ఎంతైనా ఒక్క పెట్టె 32 కిలోలు మించితే ఎత్తరు. టికెట్టు చవగ్గా వస్తోంది కదాని సగం దారి ఒక సంస్థలో, మిగతా సగం ఇంకో సంస్థలో విడివిడిగా కొంటే రెండో చోట మళ్లీ మొదటికొస్తుంది. మొదటివాళ్లు ఒప్పుకున్న పెట్టెని రెండోవాళ్లు కాదనొచ్చు. ఒకే టికెట్టు మీద వెళ్లడం ఉత్తమం.

టైర్లలో గాలి తీసేయమని దాదాపు అందరూ చెబుతారు. పైకెళ్లాక టైరు బాంబులా పేలుతుందని భయం. లెక్క చూస్తే అంత లేదు. సామాన్లుండే అరలో కూడా ప్రయాణికులుండే చోట ఉన్నట్టే గాలి ఒత్తిడి ఉంచుతారు. నేల మీదికీ అక్కడికీ తేడా నాలుగు పీఎస్‌ఐ కూడా రాదు. 80 పీఎస్‌ఐ పట్టే టైరుకి అదో లెక్కా? కానీ కౌంటర్లో ఉన్న అమ్మాయితో భౌతికశాస్త్రం వాదించి గెలిచినవాళ్లు లేరు. సగం గాలి తీసేస్తే సరి. పూర్తిగా తీసేస్తే మాత్రం దెబ్బలు రిమ్ముకి తగులుతాయి.

నిజంగా జాగ్రత్తపడాల్సినవి వేరే ఉన్నాయి. చిటికెలో గాలి నింపే చిన్న కార్బన్ డయాక్సైడ్ గుళికలకు విమానసంస్థ అనుమతి కావాలి. చాలాచోట్ల తీసి పక్కన పడేస్తారు. చేతిపంపు పట్టుకెళ్లి, గుళికలు దిగాక కొనుక్కోవడం నయం. చైన్ కడిగే మండే ద్రావకాలు పనికిరావు. పవర్ బ్యాంకులూ విడి బ్యాటరీలూ పెట్టెలో వేయకూడదు, చేతిసంచిలోనే ఉండాలి. పానాలూ ఎలన్ కీలూ దీనికి తలకిందులు. అవి చేతిసంచిలో దొరికితే భద్రతా సిబ్బంది లాక్కుంటారు, పెట్టెలోనే పెట్టాలి. బ్యాటరీతో నడిచే సైకిల్ సంగతైతే ఆలోచించక్కర్లేదు. 160 వాట్-అవర్లు దాటిన బ్యాటరీని ప్రయాణికుల విమానంలోకి రానివ్వరు. ఈ-సైకిళ్ల బ్యాటరీలు దాదాపు అన్నీ అంతకంటే పెద్దవే.

మడతపెట్టే సైకిళ్లవాళ్లకి ఈ బాధల్లో సగం ఉండవు. బ్రాంప్టన్ లాంటిది మడిస్తే ఓ సూట్‌కేసంత. అంత చిన్న చక్రాలతో పీబీపీ పూర్తిచేసిన మొనగాళ్లూ ఉన్నారు. వాళ్లకో నమస్కారం.

పెట్టెకి ఓ కన్నం

శంషాబాద్‌లో ఇలాంటి పెట్టెలు మామూలు బెల్టు మీద పోవు, పెద్ద సామాన్ల చోట ఇవ్వాలి. అంతకుముందు కస్టమ్స్ దగ్గర ఒక కాగితం తీసుకోవడం మంచిది. ‘ఫలానా నంబరు సైకిల్ ఈయన ఇక్కణ్నుంచే తీసుకెళ్తున్నాడు’ అని రాసిచ్చే ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్. ఖరీదైన సైకిల్‌కి అది లేకపోతే తిరిగొచ్చేటప్పుడు ‘విదేశంలో కొన్నారా, సుంకం కట్టండి’ అనే ప్రశ్న ఎదురుకావచ్చు. ఎక్కడైనా భద్రతా సిబ్బంది పెట్టె తెరిచి చూసే హక్కూ ఉంది. మళ్లీ ఎలా సర్దాలో తెలిసేలా మా ఇంజినీరు లోపలి దృశ్యాన్ని ఫొటో తీసి, ప్రింటు వేయించి, మూత కిందే అంటించాడు. విల్బర్ రైట్‌కి ఈ ఉపాయం తట్టి ఉంటే తమ్ముడు తిట్లు తప్పించుకునేవాడు!

ప్యారిస్‌లో పెట్టె అందింది. కానీ ఎత్తడానికి వీలుగా పక్కనుండే చేతి కన్నం చిరిగి జానెడయింది. పెట్టెని ఏ విమానాశ్రయంలో ఎవరు లాగారో చెప్పేవాళ్లు లేరు. అక్కడే నేల మీద విప్పి చూసుకున్నాడు. ఫ్రేము బాగుంది. చక్రాలు బాగున్నాయి. హ్యాంగర్ నిటారుగా ఉంది. హమ్మయ్య అనుకునేలోపు తెలిసింది... ముందు చక్రం యాక్సిల్ లేదు. చిన్న సంచిలో వేసి అడుగున పెట్టిన కడ్డీ ఆ కన్నంలోంచి ఎక్కడో జారిపోయింది.

చూడటానికి జానెడు కడ్డీ. అది లేకపోతే పది కిలోల సైకిల్ ఇనప సామానుతో సమానం. విమానాశ్రయంలోనే ఫిర్యాదు రాయించాడు. అది తప్పనిసరి. అంతర్జాతీయ ప్రయాణాలకు వర్తించే మాంట్రియల్ ఒప్పందం ప్రకారం సామాను దెబ్బతింటే అందిన ఏడు రోజుల్లోగా, ఆలస్యమైతే చేతికొచ్చాక 21 రోజుల్లోగా రాతపూర్వకంగా ఇవ్వాలి. మన దేశంలో 2009 నుంచి ఇది అమల్లో ఉంది. అయితే పరిహారం ఎప్పుడో వస్తుంది. రైడ్ ఆదివారం. ఇతను దిగింది శుక్రవారం.

పీబీపీ బయల్దేరేది ప్యారిస్‌కి నైరుతిగా యాభై కిలోమీటర్ల దూరంలోని రాంబుయే నుంచి. అడవి అంచున చిన్న పట్టణం. ఫ్రాన్స్ అధ్యక్షుల వేసవి విడిదిగా ఉన్న కోట ఇక్కడిదే. 1975లో ఆరు పెద్ద దేశాల నేతలు మొదటిసారి శిఖరాగ్ర సమావేశం జరుపుకున్నదీ ఇక్కడే. పక్కనే పదహారో లూయీ పెట్టించిన గొర్రెల క్షేత్రం. స్పెయిన్ నుంచి మెరీనో గొర్రెల్ని తెప్పించి 1786 నుంచి పెంచుతున్నారు. సైకిళ్ల తనిఖీ ఆ ఆవరణలోనే. బ్రేకులు పనిచేస్తున్నాయా, ముందూ వెనకా లైట్లున్నాయా చూస్తారు. మావాడికి గొర్రెలూ కనపడలేదు, కోటా కనపడలేదు. కళ్లన్నీ సైకిల్ కొట్ల బోర్డుల మీదే.

యాక్సిల్‌లో కూడా రకాలు. పొడవు సరిపోతే మర కుదరదు, మర కుదిరితే పొడవు చాలదు. రెండు కొట్లు లేదన్నాయి. శనివారం సాయంత్రం, ఇంకాసేపట్లో మూసేస్తారనగా మూడో కొట్లో పెద్దాయన ఇతని ఫోర్కులోకి తొంగిచూశాడు. ఏమీ మాట్లాడకుండా అద్దాల్లో అమ్మకానికి పెట్టిన కొత్త సైకిల్ దగ్గరికెళ్లి, దాని ముందు చక్రం యాక్సిల్ ఊడదీసి చేతిలో పెట్టాడట. ‘‘ఆయనకి ఇంగ్లిష్ రాదు, నాకు ఫ్రెంచి రాదు. కళ్లలో నీళ్లకి మాత్రం భాషక్కర్లేదు కదా’’ అంటాడు మావాడు. ఆయన డబ్బులు మాత్రం పూర్తిగా తీసుకున్నాడు, అది వేరే సంగతి!

రాత్రి పదింటికి బసలో సైకిల్ బిగించడం మొదలైంది. ఫోమ్ గొట్టాలు పీకుతుంటే వాటితోపాటే సీటు గొట్టం మీది రంగు టేపూ ఊడొచ్చింది. గుర్తు పోయింది. అలసట, నిద్ర, రెండు రోజుల టెన్షన్. కంటి అంచనాతో బిగించేసి పడుకున్నాడు.

అర్ధరాత్రి కాఫీ

ఆదివారం సాయంత్రం నాలుగు నుంచి పావుగంటకో జట్టు చొప్పున వదులుతారు. ఒక్కో జట్టులో కొన్ని వందలమంది. చీకటి పడ్డాక వెనక్కి తిరిగి చూస్తే కిలోమీటర్ల పొడవున తెల్లటి లైట్ల బారు, ముందుకి చూస్తే ఎర్రటి లైట్ల బారు. మోర్తాన్, విలేన్, ఫుజేర్, తెంతెన్యాక్, లూదెయాక్, కారే... దారిలోని ఊళ్లలో ఆగి కార్డు మీద ముద్ర వేయించుకోవాలి. విలేన్ దగ్గర ఊరు ఊరంతా తిరనాళ్లలా రోడ్డు మీదే ఉంటుంది. అక్కడికి ల మాన్ అంత దూరమేమీ కాదు, విల్బర్ పెట్టెలు విప్పుకున్న ఊరే.

ఫ్రాన్స్‌లో అందరికంటే ఎక్కువగా మావాడు చెప్పేది పల్లెటూళ్ల గురించి. రాత్రి రెండింటికి కూడా ఇంటిముందు బల్ల వేసుకుని, కాఫీ ఫ్లాస్కు పెట్టుకుని, పిల్లల్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని ఎదురుచూస్తుంటారు. లా తానియేర్ అనే చిన్న ఊళ్లో ఓ కుటుంబం మన అట్లలాంటి పలచటి క్రేపులు వేసి పెడుతుంది. డబ్బులు తీసుకోరు. మీ ఊరు చేరాక ఓ పోస్టుకార్డు పంపండి చాలంటారు. ఏళ్లుగా ఇదే ఆనవాయితీ. 2007లో నాలుగు రోజులూ చలీ వానా చావగొట్టినప్పుడు ఇలాంటి ఇళ్లే ఎంతోమందిని కాపాడాయని పాతవాళ్లు చెప్పుకుంటారు.

బ్రెస్ట్ చేరేలోపే మావాడి కుడి మోకాలి వెనక నరం లాగడం మొదలైంది. ఎందుకో అర్థం కాలేదు. హైదరాబాద్‌లో 600 తొక్కినప్పుడు లేని నొప్పి. బ్రెస్ట్ వంతెన మీద ఫొటో దిగి తిరుగుదారి పట్టాడు. వచ్చేటప్పుడు ప్రతి మిట్టా రెండింతలయింది. లూదెయాక్ చేరేసరికి గడువు దాటిపోయింది. దాదాపు 800 కిలోమీటర్లు అయ్యాయి. కార్డు మీద ఇక ముద్ర పడలేదు.

సైకిల్‌కి మాత్రం గీత కూడా పడలేదు. ఒక్క పంచరు లేదు, ఒక్క గేరు తప్పలేదు. బస్సూ రైలూ మారి రాంబుయే చేరాక, పడుకునేముందు ఎందుకో టేపు అడిగి తీసుకుని సీటు ఎత్తు కొలిచాడు. ఉండాల్సినదానికంటే ఎనిమిది మిల్లీమీటర్లు ఎక్కువుంది.

తిరుగు పెట్టె

వెళ్లేటప్పటి ప్యాకింగ్ గురించి అందరూ చెబుతారు గానీ వచ్చేటప్పటి సంగతి ఎవరూ చెప్పరు. అది ఇంకా కష్టం. గంటల తరబడి హ్యాండిల్ మీద ఒరిగి ఉండటంతో అరచేతి నరాలు నలిగి చిటికెన వేళ్లు మొద్దుబారతాయి. చొక్కా బొత్తాం పెట్టుకోవడమే కష్టమైన చేతులతో మరలు విప్పాలి. వందల కిలోమీటర్లు తొక్కిన పెడళ్లు రాయిలా బిగుసుకుని ఉంటాయి. వెళ్లేటప్పుడే మరలకు కాస్త గ్రీజు రాసి ఉంటే సుఖం. మావాడు రాయలేదు. గడువులోగా పూర్తిచేసి వచ్చిన పుణె కుర్రాడొకడు పానా మీద కాలేసి తొక్కితే ఎడమ పెడల్ వదిలింది.

తిరుగు ప్రయాణంలో చేతి కన్నాలు రెండింటికీ లోపల్నుంచి అట్టముక్క వేసి టేపు అంటించాడు. చిన్న సామాన్లన్నీ ఓ డబ్బాలో పెట్టి ఫ్రేముకే కట్టేశాడు. శంషాబాద్‌లో పెట్టె చెక్కుచెదరకుండా వచ్చింది. కస్టమ్స్ అధికారి సర్టిఫికెట్టు చూసి, సైకిల్ నంబరు సరిపోల్చుకుని, ‘‘పూర్తయిందా?’’ అని మాత్రం అడిగారట.

లా తానియేర్‌కి చార్మినార్ బొమ్మున్న పోస్టుకార్డు వెళ్లింది. విమానసంస్థ నుంచి యాక్సిల్ ఖరీదు కూడా వచ్చింది, అయిదు నెలల తర్వాత. 2027 కోసం మళ్లీ 200 నుంచి మొదలుపెట్టాలి. సెల్లార్‌లో పాత పెట్టె గోడకి ఆనించి ఉంది. సీటు గొట్టం మీద ఇప్పుడు టేపు గుర్తు లేదు, ఫ్రేము లోపలివైపు చెరగని మార్కరుతో కొలత రాసుకున్నాడు. యాదగిరి ఆ అంకె కంఠతా పట్టేశాడు. ఎప్పుడడిగినా చెబుతాడు: ‘‘డెబ్బైరెండు పాయింట్ నాలుగు సార్.’’